కుట్టుమిషన్ నూనె డబ్బా కారకుండా ఎలా మార్చాలి?

అడుగు రేకును బొటనవేలితో టక్కున నొక్కి నూనె వేసే డబ్బా గురించి అడిగారు: ఒక్క చుక్క కావాలంటే నాలుగు పడుతున్నాయి, ఆపాక కూడా ముక్కు కారి గుడ్డ పాడవుతోందని.

ముందు ముక్కు చూడండి. చుక్క సైజును తేల్చేది లోపలి రంధ్రం కన్నా ముక్కు చివర బయటి మందమే. నూనె లోహానికి అంటుకుని అంచంతా పాకుతుంది, ఆ అంచును పట్టుకునే వేలాడుతుంది. 2 మిల్లీమీటర్లున్న చివరను ఆకురాయితో 1 మిల్లీమీటరుకు అరగదీస్తే చుక్క బరువు దాదాపు సగమవుతుంది. రజను మాత్రం లోపలికి పోకుండా తుడవాలి. ఖర్చు లేని ఈ మార్పే నాకు అన్నిటికన్నా నచ్చుతుంది.

రెండోది గాలి. ఈ డబ్బాలో నూనె పోయే దారీ గాలి వచ్చే దారీ ఒకటే. సగం ఖాళీ అయిన డబ్బాను తలకిందులుగా పట్టుకుంటే, చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి నొక్కకుండానే నూనెను తోసేస్తుంది.

కొత్తగా తయారు చేయదలిస్తే మీట పంపు పెట్టండి. దానికి రెండు బాల్ వాల్వులు (చిన్న గోళీ అడ్డుపడి నూనెను ఒకవైపే పోనిచ్చే కవాటాలు): ఒకటి పంపులోకి వచ్చిన నూనెను డబ్బాలోకి తిరిగి పోనివ్వదు, స్ప్రింగు ఉన్న రెండోది మీట నొక్కితేనే ముక్కులోకి వదులుతుంది. పూర్తిగా నొక్కిన ప్రతిసారీ ఒకే కొలత. మూతకు సన్నని గాలి రంధ్రం తప్పనిసరి, లేదంటే లోపల ఒత్తిడి తగ్గి పంపు మొరాయిస్తుంది. రంధ్రం ముక్కుకు ఎదురువైపు ఉండాలి. వంచినప్పుడు నూనెలో మునగదు. పీల్చే గొట్టం చివర మాత్రం ముక్కు వైపుకే తిరగాలి.