గైడులో సెక్షన్ నంబర్లు ఎన్ని మెట్లు ఉండాలి?

ప్రశ్న: మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో కాటా దగ్గర వాడే సాఫ్ట్‌వేర్ మాది. దాని యూజర్ గైడు రాసే పని నాది. ప్రతి సీజన్ ముందూ ఏదో ఒక కొత్త స్క్రీన్ చేరుతుంది. ఈసారి మూడో అధ్యాయం మధ్యలో ఒక సెక్షన్ పెట్టి, కింది నంబర్లన్నీ చేత్తో మార్చాను. అయినా '3.4 చూడండి' లాంటివి కొన్ని పాతవే మిగిలిపోయి, కాటా దగ్గరి అబ్బాయి వేరే పేజీ చూసి లోడు ఎంట్రీ తప్పు చేశాడు. టెంప్లేట్ ఎలా చేసుకోవాలి?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: నంబరు చేత్తో టైపు చేయడం దగ్గరే వచ్చిందమ్మా చిక్కంతా. వర్డ్‌లో హోమ్ ట్యాబ్‌లో మల్టీలెవెల్ లిస్ట్ కింద 'డిఫైన్ న్యూ మల్టీలెవెల్ లిస్ట్' తెరిచి, మొదటి లెవెల్‌కు హెడింగ్ 1, రెండో దానికి హెడింగ్ 2, అలా స్టైళ్ళు లింక్ చేయండి. ఇక మధ్యలో ఎన్ని సెక్షన్లు పెట్టినా నంబర్లు వాటంతట అవే సర్దుకుంటాయి. '3.4 చూడండి' అన్న చోట కూడా అంకె కొట్టకుండా రిఫరెన్సెస్‌లో ఉన్న క్రాస్ రిఫరెన్స్ పెట్టండి. అయితే ఇవి తమంతట తాము మారవు, పీడీఎఫ్ తీసే ముందు కంట్రోల్-ఏ, తర్వాత ఎఫ్9 నొక్కాలి, ఇది మాత్రం మరిచిపోవద్దు. అంతా కుదిరాక వర్డ్ టెంప్లేట్‌గా సేవ్ చేసుకోండి.

ఇక ఎన్ని మెట్లు అన్నది. తిరుపతిలో లాడ్జీల బిల్లింగ్‌కు నేను రాసిన మొదటి గైడులో 3.2.1.4.2 దాకా వెళ్ళాను. రాత్రి పదకొండుకు రిసెప్షన్ నుంచి ఫోన్ వస్తే, ఎదురుగా గది కోసం జనం నిలబడి ఉంటే, ఆ ఐదంకెలూ చెప్పడం నాకూ కష్టమే, వెతకడం ఆ అబ్బాయికీ కష్టమే. ఫోన్‌లో ఒక్కసారి చెబితే అర్థమయ్యేదే మంచి నంబరు. అందుకే నేనిప్పుడు రెండు మెట్లతో ఆపుతాను, తప్పనిసరైతే మూడు. డాక్యుమెంట్లలో సెక్షన్ నంబర్ల మీద 1978లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2145 కూడా మెట్లు తక్కువగా ఉంచుకోమనే అంటుంది, చివరి అంకె తర్వాత చుక్క పెట్టొద్దంటుంది: 3.2 అని రాయాలి, '3.2.' అని కాదు.

చేయాల్సిన పనుల వరుసకు సెక్షన్ నంబరు తగిలించకండి. ప్రతి సెక్షన్‌లోనూ అవి 1 నుంచి మొదలవ్వాలి, వాటికి వేరే స్టైల్ పెట్టండి. హెడింగ్ కూడా 'ఎంట్రీ మాడ్యూల్' అని కాకుండా 'తోతాపురి లోడు తూకం ఎక్కించడం' అని పని పేరుతో ఉంటే, సీజన్‌లో లారీలు బారులు తీరి ఉన్నప్పుడు కాటా మనిషి కంటికి వెంటనే తగులుతుంది. దాని కింద ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి, చేయాల్సిన పనులు, చివర్లో స్క్రీన్ మీద ఏం కనిపించాలో రాయడానికి టెంప్లేట్‌లోనే ఖాళీలు వదలండి.

నంబర్లు తమంతట అవే మారితే ఇంకో చిక్కుంది. పోయినేడు ప్రింటు తీసిన గైడులో 3.4 వేరు, ఈ ఏటి 3.4 వేరు. అందుకని ప్రతి పేజీ పైనా వెర్షన్ నంబరు పడేలా హెడర్‌లో పెట్టేయండి, ఫోన్ వచ్చినప్పుడు ముందు అదే అడగండి. కొత్త సెక్షన్‌ను వీలైతే అధ్యాయం చివర్లోనే చేర్చండి, పాత నంబర్లు కదలవు.