వేడెక్కే పాత బండి: బోరా, బేరమా?

ప్రశ్న: నాది 18 ఏళ్ల నాటి 125 సీసీ బండి. కార్బురేటరే, రేడియేటర్ లేదు. ఈమధ్య అరగంట నడిపితే చాలు, ఇంజన్ పక్కన మోకాలు పెట్టలేనంత వేడి. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ పడిపోయి లోపల టకటకమంటోంది. ఒక్కోసారి దానంతటదే ఆగిపోతుంది, కాసేపాగితే మళ్లీ స్టార్టవుతుంది. ఒక మెకానిక్ ‘బోరుకొచ్చింది, ఇంజన్ దించాలి’ అన్నారు. ఇంకొకాయన ‘అమ్మేసి వేరేది చూసుకోండి’ అన్నారు. పొగ మాత్రం లేదు, ఆయిల్ కూడా పెద్దగా తగ్గడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు చివర్లో రాసిన పొగ సంగతే నాకు అన్నిటికంటే పనికొచ్చింది. బోరుకు రావడమంటే పిస్టన్ రింగులూ, పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడా (బోరు) అరిగిపోవడం. అలాంటి బండి ఆ విషయం మామూలుగా దాచుకోదు. రింగులు అరిగితే ఆయిల్ పైకెక్కి పెట్రోలుతోపాటు కాలుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. ఆ గుర్తుల్లేకుండా, కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) చూడకుండా ఇంజన్ దించుతామంటే నేనైతే ఒప్పుకోను. ఒకసారి విప్పారంటే ‘ఎలాగూ విప్పాం కదా’ అంటూ ఒక్కొక్కటే మార్చడం మొదలవుతుంది.

గాలికి చల్లబడే ఇంజన్ వేడిగానే ఉంటుంది, ట్రాఫిక్‌లో నిలబడితే మరీను. చెయ్యి చురుక్కుమన్నంత మాత్రాన జబ్బు కాదు. కానీ మీరు రాసిన టకటక మాత్రం జబ్బే. అది తేలేదాకా ఎత్తులు, బరువులు, డబుల్స్ మానేయండి.

ఖర్చు లేని పనులు ముందు. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి ఆయిల్ మట్టం చూడండి. ఈ సైజు ఇంజన్లకు పట్టేదే సుమారు లీటరు, అందులో పావు తగ్గినా వేడి పెరుగుతుంది. ఇంజన్ రెక్కల మధ్య బురద, ఆయిల్ జిడ్డు గట్టిపడి ఉంటే గీకించండి. అందం కోసం మందంగా పెయింటు వేయించి ఉంటే అదీ తీసేయాలి. చక్రాలు పైకెత్తి చేత్తో తిప్పండి, బ్రేకు పట్టేస్తోంటే ఇంజన్ పాపం దాన్ని కూడా లాగుతోందన్నమాట. రేజ్ ఇస్తే శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి.

తర్వాత ప్లగ్గు. కాసేపు ఒకే వేగంతో నడిపి, ఐడ్లింగ్‌లో ఉంచకుండా ఆపేసి, చల్లారాక విప్పండి. పింగాణీ బిస్కెట్ రంగులో ఉంటే మిశ్రమం బాగున్నట్టే. పాలిపోయి తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అందుతోంది. టకటకకూ, వేడికీ ఇదొక్కటే చాలు. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం, అంటే జెట్, మూసుకుపోయి ఉండొచ్చు. పాత బళ్లలో నేను ముందుగా చూసేది కార్బురేటర్‌ను హెడ్‌కి (సిలిండర్ పై భాగానికి) కలిపే రబ్బరు. బయటికి బాగానే కనిపిస్తుంది, వంచి చూస్తే అడుగున పగుళ్లు, వాటిగుండా అదనపు గాలి లోపలికి పోతుంది. ‘బోరు’ అని ముద్ర వేయించుకుని నా షెడ్డుకొచ్చిన బళ్లలో చాలావాటికి ఆ రబ్బరు మార్చి పంపించాను. ప్లగ్గు నంబరు కూడా కంపెనీ చెప్పినదేనా అని చూడండి, చేతికందింది బిగించేవాళ్లు తక్కువేం కాదు.

ట్యాపెట్ల గురించి, అంటే వాల్వులకూ వాటిని నొక్కే మీటలకూ మధ్య ఉండే సందు గురించి, కాస్త గట్టిగానే చెప్పాలి. శబ్దం వస్తోందని బిగించమంటారు, మెకానిక్ బిగిస్తాడు, బండి నిశ్శబ్దమవుతుంది, అందరూ సంతోషం. కానీ సందు లేకపోతే ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా కూర్చోదు. కూర్చున్నప్పుడే కదా దాని వేడి హెడ్‌లోకి దిగేది! దిగక వాల్వే కాలిపోతుంది. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నని రేకులతో), మాన్యువల్లో ఉన్న కొలతకే పెట్టించండి. చిన్న ఇంజన్లలో అది మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటూగా ఉంటుంది. చెవితో పెట్టే కొలత కాదది.

ఆగిపోవడం వేరే జబ్బు కావచ్చు. ఈసారి ఆగగానే ట్యాంకు మూత తీయండి. గాలి ‘సుయ్’మని లోపలికి పోయి బండి స్టార్టయితే, మూతలో గాలి రంధ్రం పూడింది. స్టార్టవకపోతే అక్కడికక్కడే స్పార్క్ చూడాలి. వేడి మీద పోయి, చల్లారాక వస్తోంటే ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్‌ని అనుమానించండి.

ఇవన్నీ అయినా వేడి తగ్గకపోతే కంప్రెషన్ గేజ్ పెట్టించండి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి కిక్ కొట్టాలి. అంకె తక్కువొస్తే, ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ఈసారి పెరిగితే రింగులూ బోరూ, పెరగకపోతే వాల్వులో, హెడ్ ప్యాకింగో (హెడ్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే పలుచని పట్టీ). హెడ్ పనితో పోయేదానికి బోరు ముట్టుకోనవసరం లేదు.

నిజంగా బోరే అయితే పిస్టన్ మీద అంకె చూడమనండి. అరిగిన బోరును కాస్త పెద్దది చేసి వేసే ఓవర్‌సైజ్ పిస్టన్లు మామూలుగా 0.25 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతాయి. ఇప్పటికే చివరి సైజులో ఉంటే కొత్త సిలిండర్ బ్లాకు కావాలి. అది దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే ఇంజన్ మీద చెయ్యి వేయనివ్వండి.

ఇక ఉంచాలా, మార్చాలా? నేను ఇంజన్ కంటే ముందు చాసిస్ చూస్తాను. హ్యాండిల్ మెడ దగ్గర, వెనక ఫోర్కు బిగించే చోట, షాకబ్జార్బర్ల పట్టుల దగ్గర తుప్పు తినేసినా, పగులు కనిపించినా ఇంజన్ ఎంత బాగున్నా వదిలేయండి. చాసిస్ గట్టిగా ఉండి, పార్టులు దొరుకుతుంటే బోరు చేయించడం దండగ కాదు. చాలామంది రిపేరు ఖర్చును బండి అమ్మితే వచ్చే ధరతో పోలుస్తారు. ఆ లెక్కన పాత బండికి టైరు కూడా వేయించకూడదు! పోల్చాల్సింది మరో బండి కొనే ఖర్చుతో. అది సెకండ్ హ్యాండ్‌ది అయితే, దాని జబ్బులేమిటో మీకింకా తెలియవని కూడా కలుపుకోండి. బోరుతోపాటు కనెక్టింగ్ రాడ్ కొట్టుకుంటూ, గేర్లు జారుతూ ఉంటే మాత్రం నేనైనా మార్చేయమనే అంటాను. రోజూ వేళకు చేరాల్సిన పనికి మీకున్నది ఈ ఒక్క బండే అయి, పార్టు కోసం వారాలు ఆగాలన్నా అంతే. అమ్మేటప్పుడు వేడి సంగతి కొనేవారికి చెప్పండి.

ప్రశ్న: నా బండికి రేడియేటర్ ఉంది. వేడి లైటు వెలిగినప్పుడల్లా నీళ్లు పోస్తున్నాను. ఫర్వాలేదా?
– మరో పాఠకురాలు

జవాబు: దారిలో తప్పనిసరైతే పోయండి, అలవాటు చేసుకోకండి. ఉత్త నీళ్లు లోపల తుప్పు పట్టిస్తాయి, కూలెంట్ కంటే ముందే మరుగుతాయి. వేడి మీద మూత మాత్రం తిప్పవద్దు, ఒత్తిడికి మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ట్రాఫిక్‌లోనే వేడెక్కి, వేగంలో తగ్గుతోంటే ఫ్యాను తిరుగుతోందో లేదో, దాని ఫ్యూజు బాగుందో లేదో చూపించండి. వేగంలోనూ తగ్గకపోతే థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌కు దారి తెరిచే వాల్వు), పంపు, పూడిపోయిన రేడియేటర్ వరసగా చూడాలి. అన్నిటికంటే ముందు, పోసిన నీళ్లు ఎటు పోతున్నాయో కనిపెట్టండి. కింద తడి లేదు, ఆయిల్ మాత్రం తెల్లగా నురగ కట్టిందంటే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నట్టే. హెడ్ ప్యాకింగ్ పోయి ఉండొచ్చు, పంపు సీలు కారుతూ ఉండొచ్చు. ఇక స్టార్ట్ చేయకుండా బండిని ఆటో ట్రాలీ మీద షెడ్డుకు పంపండి.