అండాశయం పారేయకు అమ్మడూ

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నువ్వు బరంపురంలో రీసెర్చ్‌లో చేరావని, అదీ మేక ట్యూబుల్లో, అంటే అండాశయం నుంచి గర్భసంచికి వెళ్ళే గొట్టాల్లో, అండాన్ని ముందుకు తోసే సన్నని వెంట్రుకలు, ఆ సిలియా మీదనీ చెప్పాడు. ముందు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తర్వాత తెల్లార్లూ నిద్ర పట్టలేదు. నేను సగంలో వదిలేసిన పని కదా అది.

చిన్నవి ముందు చెప్పేస్తా. మటన్ కొట్టుకి తెల్లారకముందే వెళ్ళు, ప్రతి ట్యూబుకీ అక్కడే చీటీ కట్టు. గ్లవ్స్ లేకుండా గర్భసంచి ముట్టుకున్నావని తెలిస్తే వచ్చి చెవి మెలేస్తా, మేకల నుంచి బ్రూసెల్లా అనే బాక్టీరియా అంటుకుంటుంది, నాతో చదివిన పిల్ల నెలల తరబడి జ్వరంతో మంచం పట్టింది. సిలియా కొట్టుకునే వేగం కొలిచేటప్పుడు ముక్క 37 డిగ్రీల దగ్గర ఉండాలి, చల్లబడితే సిలియా వాటంతటవే నెమ్మదిస్తాయి, నువ్వేమో హార్మోన్ ఖాతాలో రాసేస్తావు.

ఇక నా తప్పు విను. పర్లాకిమిడి నుంచి నౌపడా దాకా చిన్న రైల్లో ఫ్లాస్క్ ఒళ్ళో పెట్టుకుని ట్యూబులు మోసుకెళ్ళేదాన్ని. కొట్టాయన అండాశయాలు కూడా ఇవ్వమంటారా అంటే ఎందుకు బరువు అని వద్దనేదాన్ని. స్లైడ్లు చేస్తే కొన్నిట్లో ఫింబ్రియా, అదే అండాశయం వైపు జాలరులా ఉండే ట్యూబు చివర, దాని మడతల నిండా సిలియా ఆకుమడిలా పచ్చగా ఒత్తుగా కనపడేవి (పచ్చదనం నా ఊహలే, రంగు వేసింది నేనే), మిగతావాటిలో మధ్య మధ్య కణాలు బుడగల్లా పైకి ఉబ్బి సిలియా వాటి కింద మునిగిపోయి ఉండేవి. ముక్క కుళ్ళకుండా వేసే ఫార్మలిన్ సరిగ్గా పట్టలేదు, పాడైపోయాయి అనుకుని ఆ స్లైడ్లన్నీ చెత్తబుట్టలో పారేశా. రెండు నెలలు అలాగే చేశా అమ్మడూ. చివరికి మా మాస్టారు ఒక స్లైడు చూసి ఒకే ప్రశ్న అడిగారు, ఈ మేక అండాశయం ఏదమ్మా అని.

నా దగ్గర లేదు. అండం విడుదలకు ముందు అండాశయంలో అండం పెరిగే పుటికలు ఈస్ట్రోజన్ హార్మోన్ ఇస్తాయి, అప్పుడు సిలియా నిండుగా ఉంటాయి. విడుదలయ్యాక అక్కడే కార్పస్ లూటియం అనే గడ్డ ఏర్పడి ప్రొజెస్టిరాన్ హార్మోన్ పోస్తుంది, ట్యూబులో ద్రవం ఊరించే స్రావక కణాలు ఉబ్బి సిలియాను కప్పేస్తాయి. మేకకి 21 రోజుల చక్రంలో దాదాపు 16 రోజులు ఈ రెండో దశే, మరి కొట్టులో కోసినవాటిలో అవే ఎక్కువ దొరకాలి కదా! నేను పారేసినవే ఎక్కువని అప్పుడైనా అనుమానం రాలేదు నాకు. పాడైపోయాయనుకున్నవే అసలు జవాబు. అందుకే అండాశయం తెచ్చుకో, దాని మీద కార్పస్ లూటియం ఉందో లేదో చూశాకే ట్యూబు ముట్టుకో. ముక్క ఏ చోటదో కూడా రాయి, గర్భసంచి వైపు సన్నని భాగంలో ఇంత మార్పు కనపడదు.

ఇంకోటి, మేకలో చూసింది ఆడవాళ్ళకి అంటగట్టకు. రీసస్ కోతికి ఆ ప్రొజెస్టిరాన్ దశలో సిలియా చాలావరకు రాలిపోయి, ఈస్ట్రోజన్ పెరిగాక మళ్ళీ మొలుస్తాయి, మనుషుల్లో రాలేది కొంచెమే. అయితే వేగం తగ్గుతుంది. 1998లో మనిషి ట్యూబు ముక్కల మీద చేసిన ప్రయోగంలో, సెకనుకు 5 సార్లకు అటూఇటూ కొట్టుకునేవి ప్రొజెస్టిరాన్ మోతాదు పెంచితే 40–50 శాతం నెమ్మదించాయి, ఈస్ట్రోజన్ తోడుగా ఉంటే ఆ నెమ్మది రాలేదు.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు పుట్టకముందు మీ అమ్మకి పిండం ట్యూబులోనే ఆగిపోయింది. కడుపునొప్పి, దాంతోపాటు భుజం నొప్పి. చూసినావిడ గ్యాస్ అని మాత్ర ఇచ్చి పంపేసింది. రాత్రి వాకిట్లో పడిపోతే జీపులో శ్రీకాకుళం తీసుకెళ్ళాం, తల నా ఒళ్ళో ఉంది, పెదాలు తెల్లగా పాలిపోయాయి. ఒక ట్యూబు తీసేశారు. పిండం అక్కడే ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు, సిలియా ఒక్కటే కారణమని నేనూ అనను, ట్యూబు కండరం ఉంది, ఇన్ఫెక్షన్లు ఉన్నాయి. కానీ ఆ రాత్రి నుంచి ఆ సన్నని వెంట్రుకల గురించి తలచుకోని రోజు లేదు నాకు. మిగిలిన ఒక్క ట్యూబుతోనే నువ్వొచ్చావు తల్లీ.

నీకు ఎప్పుడైనా అలాంటి నొప్పి వస్తే ల్యాబ్ పని ఉందని ఆగకు, సరేనా.

దసరాకి వచ్చేటప్పుడు రెండు స్లైడ్లు తే, ఒకటి ఒత్తుగా ఉన్నది, ఒకటి మునిగిపోయింది. అటక మీంచి మైక్రోస్కోప్ దింపించి లెన్సు తుడిచి పెట్టాను.

మీ అత్త