బయటి వకీలు ఉన్నాడు కదా, కంపెనీకి జీతం మీద మళ్లీ ఇన్‌హౌస్ లాయర్ ఎందుకు?

అడిగినవారి ఫ్యాక్టరీ చౌటుప్పల్ దగ్గర ఉంది, రిజిస్టర్డ్ ఆఫీసు హైదరాబాద్‌లో. నల్గొండ కోర్టులో నాలుగు కేసులు నడుస్తున్నాయి, వాటికి వకీలు ఉన్నారు. ఇంకొకరికి నెలనెలా జీతం ఇస్తే ఏం లాభమని ప్రశ్న. కేసులను బట్టి లెక్కేస్తే "అక్కర్లేదు" అనే జవాబే వస్తుంది. కానీ ఇన్‌హౌస్ లాయర్ పనిని కేసులతో కొలవకూడదు. అతని పని సంతకానికి ముందు ఒకటి, నోటీసు లాంటి కాగితం గేటు దగ్గర అందిన రోజు నుంచి ఇంకొకటి. ఈ రెండు చోట్లా బయటి వకీలు ఉండడు, ఉండలేడు కూడా.

"అతన్నే కోర్టుకు పంపితే వకీలు ఫీజు మిగులుతుంది" అనుకునే యజమానులు మన దగ్గర చాలామంది. అది కుదరదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నియమం ప్రకారం పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి అడ్వకేటుగా ప్రాక్టీసు చేయకూడదు. ఉద్యోగంలో చేరగానే బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపేయాలి. వకాలత్ బయటి వకీలే వేయాలి. బోర్డు తీర్మానం ఉంటే లీగల్ ఆఫీసర్ కంపెనీ ప్రతినిధిగా అఫిడవిట్ మీద సంతకం పెట్టగలడు, తనకు తెలిసిన విషయాల మీద సాక్ష్యం చెప్పగలడు, అంతే. ఫీజు మిగుల్చుకోవడానికే మనిషిని పెట్టుకుంటే ఆర్నెల్లలో ఇద్దరికీ విసుగొస్తుంది.

అసలు లాభం ఎక్కడుందో ఒక యంత్రం కొనుగోలులో చూద్దాం. పుణె కంపెనీకి 1 కోటి 60 లక్షలకు డ్రయ్యర్ ఆర్డరిచ్చారనుకోండి. 40 లక్షలు అడ్వాన్సు పోయింది. కొటేషన్‌లో గంటకు 500 కిలోలని ఉంది. పర్చేజ్ ఆర్డర్‌లో మాత్రం "మీ కొటేషన్ ప్రకారం" అని ఒక్క లైను. బిగించాక యంత్రం 320 కిలోలు దాటదు. ప్లాంట్ మేనేజర్ ఫోన్‌లో గట్టిగానే అడుగుతాడు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెడతాడు. సప్లయర్ ఇంజినీరు వచ్చి రెండు రోజులు ఏదో సర్ది, సర్వీస్ రిపోర్టు మీద షిఫ్ట్ ఇన్‌చార్జితో సంతకం పెట్టించుకుని పోతాడు. "యంత్రం సంతృప్తికరంగా పనిచేస్తోంది" అని అందులో ముందే అచ్చయి ఉంటుంది. అకౌంట్స్ సెక్షన్‌కు ఈ గొడవ తెలియదు. బాకీ అడిగితే "ఫండ్స్ టైట్‌గా ఉన్నాయి, వచ్చే నెల 15లోపు క్లియర్ చేస్తాం" అని మెయిల్ కొడతారు. మార్చి ఆఖరులో ఆడిట్ కోసం బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ వస్తుంది. 1 కోటి 20 లక్షల బాకీ నిజమేనని దాని మీద స్టాంపు కొట్టి తిరిగి పంపేస్తారు.

ఆ సర్వీస్ రిపోర్టు, ఆ మెయిల్, ఆ లెటర్ కలిస్తే అవతలివాళ్ల కేసు తయారైనట్టే. కేసు వేసే గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద సంతకం పెట్టిన బాకీ ఒప్పుకోలు అప్పటినుంచి మళ్లీ గడువును మొదలుపెడుతుంది, మామూలు బాకీకైతే అది మూడేళ్లు. ఇక దివాలా చట్టం, అంటే ఐబీసీ. 2020 మార్చి 24 నుంచి కోటి రూపాయలు, ఆపైన బాకీ ఉంటే సరఫరాదారు ఎన్‌సీఎల్‌టీకి, అంటే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు పోవచ్చు. మన 1 కోటి 20 లక్షలు ఆ గీత దాటింది. ముందు 8వ సెక్షన్ కింద డిమాండ్ నోటీసు ఇస్తాడు. అందిన 10 రోజుల్లో మనం బాకీ కట్టిన రుజువైనా చూపాలి, వివాదం ఉందనైనా చెప్పాలి.

ఇక్కడే దెబ్బ తగులుతుంది. నోటీసు రిజిస్టర్డ్ ఆఫీసుకు పోతుంది. మన దగ్గర చాలా కంపెనీల రిజిస్టర్డ్ ఆఫీసు అంటే ఆడిటర్ గారి గదో, ప్రమోటర్ పాత ఫ్లాటో. స్పీడ్ పోస్టు కవరు వాచ్‌మన్ తీసుకుంటాడు, అది టేబుల్ మీద వారం పడి ఉంటుంది. చౌటుప్పల్‌కు చేరేసరికి పది రోజుల్లో ఎనిమిది పోయి ఉంటాయి. అప్పుడు నల్గొండ వకీలుకు ఫోన్ చేస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు? జవాబు ఆలస్యమైనంత మాత్రాన కేసు పోదు. కానీ ఆ వివాదం నోటీసు అందకముందే ఉందని కాగితం మీద చూపాలి. మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు 2017లో చెప్పింది అదే. మన దగ్గర ఉన్నవి ఫోన్ కాల్స్, వాయిస్ మెసేజ్‌లు. వాళ్ల దగ్గర ఉన్నది మన సంతకం. పిటిషన్ అడ్మిట్ అయితే బోర్డు అధికారాలు ఆగిపోతాయి, కంపెనీ నిర్వహణ మధ్యంతర రిజల్యూషన్ ప్రొఫెషనల్, అంటే ట్రిబ్యునల్ నియమించే మనిషి చేతికి పోతుంది. ఒక డ్రయ్యర్ బాకీకి మొత్తం ఫ్యాక్టరీ తాళాలు పరాయి చేతిలో పడతాయి.

ఇన్‌హౌస్ లాయర్ ఉంటే ఈ కథ ఆర్డర్ దగ్గరే మారుతుంది. గంటకు ఎన్ని కిలోలు, ఎంత తేమ ఉన్న సరుకుతో, వరసగా ఎన్ని గంటలు నడిపి చూడాలో ఆర్డర్‌లోనే రాయిస్తాడు. ఇద్దరూ సంతకం పెట్టిన ట్రయల్ షీటు వచ్చేదాకా ధరలో 10 శాతమో 15 శాతమో ఆపుతాడు. సర్వీస్ రిపోర్టు మీద ఎవరు సంతకం పెట్టాలో ప్లాంటుకు రాసి ఇస్తాడు. ట్రయల్ ఫెయిలైన రోజే రీడింగులతో సహా మెయిల్ పోతుంది. సరుకుల విక్రయ చట్టం 42వ సెక్షన్ ప్రకారం తిరస్కరిస్తున్నామని చెప్పకుండా తగిన సమయం దాటేదాకా సరుకు ఉంచుకుంటే స్వీకరించినట్టే లెక్క. అలా స్వీకరించినా 59వ సెక్షన్ కింద వారంటీ ఉల్లంఘన నష్టాన్ని ధరలోంచి తగ్గించమని అడగొచ్చు. కాబట్టి ఆ మేరకు బాకీ తగ్గించుకుంటున్నామని డెబిట్ నోట్ వేయించాలి. బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మీద "యంత్రం సామర్థ్యంపై ఫలానా తేదీ మెయిల్‌లో చెప్పిన వివాదానికి లోబడి" అని ఒక్క వాక్యం రాయించాలి. ఇందులో కోర్టు మెట్లు ఎక్కే పని ఒక్కటీ లేదు.

సరఫరాదారుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు ఉంటే ఇంకో చిక్కు. 2025 ఏప్రిల్ 1 నుంచి 100 కోట్ల టర్నోవర్, 25 కోట్ల పెట్టుబడి దాకా చిన్న పరిశ్రమే, అంటే మీకు సరుకు పంపే చాలా యూనిట్లు అందులోకి వస్తాయి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా గడువు 45 రోజులు దాటదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే ఆర్బీఐ బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. సరుకు మీద అభ్యంతరం ఉంటే అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. ఈ బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఇచ్చిన అవార్డును (తీర్పును) కోర్టులో సవాలు చేయాలంటే ముందు అందులో 75 శాతం డిపాజిట్ కట్టాలి. స్టోర్స్‌లో సరుకు దించుకునే మనిషికి ఈ 15 రోజుల సంగతి చెప్పేది ఎవరు? బయటి వకీలు స్టోర్స్‌కు రాడు.

పర్చేజ్ ఆర్డర్ వెనక చిన్న అక్షరాల షరతుల గురించి కూడా చెప్పాలి, చూస్తే కడుపు మండుతుంది. ఎక్కడినుంచో దించిన కాగితం, కోర్టు పరిధి ముంబై అని ఉంటుంది, కొనేది చౌటుప్పల్, అమ్మేది పుణె! "మా మేనేజింగ్ డైరెక్టరే ఏకైక ఆర్బిట్రేటర్‌ను (తగాదా తేల్చే మధ్యవర్తిని) నియమిస్తారు" అనే క్లాజు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పు వచ్చాక నిలవదు. ఇప్పటికీ అదే అచ్చు వేయిస్తున్నారు. స్టాంపు డ్యూటీ కట్టని ఒప్పందాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, కట్టాల్సిన డ్యూటీకి పదింతల దాకా జరిమానా పడొచ్చు. ఒకసారి కూర్చుని సరిచేస్తే అయిదేళ్లు పనికొచ్చే కాగితం అది.

మీరు రావాల్సిన డబ్బు కోసం తిరిగేవాళ్లయితే చెక్కు తేదీలు చూసుకోవాలి. చెక్కు వాపసు వచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు పోవాలి. అది అందాక వాళ్లకు 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు. మూడింటిలో మొదటిదే ఎక్కువగా తప్పుతుంది, రిటర్న్ మెమో అకౌంట్స్ ఫైల్లో ఉండిపోతుంది కాబట్టి. 2015 సవరణ తర్వాత చెక్కును జమకు వేసుకున్నవాళ్ల ఖాతా ఏ బ్రాంచిలో ఉంటే అక్కడి కోర్టుకే పరిధి. మిర్యాలగూడ మిల్లు సేటు ఖాతా మిర్యాలగూడ బ్రాంచిలో ఉంటే కేసు అక్కడే వేసుకోవచ్చు, కొన్నవాడి ఊరు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. అదే చెక్కును హైదరాబాద్ బ్రాంచి ఖాతాలో వేస్తే ప్రతి వాయిదాకు హైదరాబాద్ పోవాల్సిందే. చెక్కు ఏ ఖాతాలో వేయాలన్నది కూడా లీగల్ నిర్ణయమేనని అకౌంట్స్‌కు ఎవరూ చెప్పరు.

భూమి సంగతి వేరే జవాబుకు సరిపడా ఉంది, క్లుప్తంగా చెప్తా. జడ్చర్ల, షాద్‌నగర్, చౌటుప్పల్ దిక్కు గోదాముకో విస్తరణకో భూమి కొనేటప్పుడు 30 ఏళ్ల ఈసీ (రిజిస్టరైన లావాదేవీల సర్టిఫికెట్) చూసి టైటిల్ క్లియర్ అని రాసిచ్చే ఒపీనియన్లు కోకొల్లలు. మన దగ్గర లోపం అంతకుముందే ఉంటుంది. 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్ లాంటి పాత రెవెన్యూ రికార్డులు, రక్షిత కౌలుదార్ల రిజిస్టరు, వాళ్లకు యాజమాన్యం ఇచ్చిన 38-ఈ సర్టిఫికెట్లు, ఇనాం అయితే ఓఆర్‌సీ (ఆక్యుపెన్సీ హక్కుల సర్టిఫికెట్), రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22-ఏ నిషేధిత జాబితా, ఇవన్నీ తీయించాలి. లావణి పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 నాటి 9వ చట్టం కింద ఆ కొనుగోలే చెల్లదు. భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది కాబట్టి పాత చిక్కులు తీరాయని అనుకోవద్దు. పోర్టల్‌లో పేరు కనిపిస్తే చాలని అడ్వాన్సు ఇచ్చేవాళ్లను ఆపడానికి ఆఫీసులోనే ఒకరు ఉండాలి.

గోప్యత గురించి చాలా కంపెనీలకు ఇంకా తెలియని మాట ఒకటుంది. 2025 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: ఇన్‌హౌస్ లాయర్ కోర్టులో ప్రాక్టీసు చేసే అడ్వకేటు కాదు కాబట్టి వకీలుకు కక్షిదారు చెప్పిన మాటల గోప్యతను కాపాడే భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ రక్షణ అతనికి లేదు. కంపెనీ తరఫున బయటి న్యాయవాదితో అతను జరిపే సంప్రదింపులకు 134వ సెక్షన్ కింద రక్షణ ఉంటుంది, యజమానికీ అతనికీ మధ్య నడిచిన మాటలకు మాత్రం వర్తించదు. అందుకని దర్యాప్తు, ప్రమాదం, పన్ను సోదాల్లాంటి విషయాల్లో అభిప్రాయం అడగాల్సింది బయటి న్యాయవాదినే. కంపెనీలో ఎవరికి ఏం తెలుసో కనుక్కుని, కాగితాలు కూర్చి ఆయన ముందు పెట్టడం ఇన్‌హౌస్ లాయర్ పని. ఇద్దరూ కావాలనడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

చట్టం మాత్రం ఈ ఉద్యోగాన్ని బలవంతం చేయదు. చెల్లించిన మూలధనం 10 కోట్లు, ఆపైన ఉంటే ప్రైవేటు కంపెనీకైనా పూర్తికాలం కంపెనీ సెక్రటరీ తప్పనిసరి, లాయర్ కాదు. అందుకే చాలాచోట్ల సెక్రటరీ మీదే లీగల్ పని కూడా వేస్తారు. ఆర్‌ఓసీ (రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్) ఫైలింగులు, బోర్డు మీటింగులతో నిండిపోయిన మనిషి పర్చేజ్ ఆర్డర్లు ఎప్పుడు చదువుతాడు?

పెట్టుకుంటే నేరుగా ఎండీకే రిపోర్ట్ చేయాలి. ఫైనాన్స్ హెడ్ కింద పెడితే ఆయన తొందరపడిన సంతకాన్నే ఆపాల్సి వచ్చినప్పుడు నోరు మూసుకుంటాడు. మొదటి నెలలో అతను చేయాల్సినవి: రిజిస్టర్డ్ ఆఫీసుకూ ఫ్యాక్టరీ గేటుకూ వచ్చే ప్రతి కవరుకూ అందిన తేదీతో ఇన్‌వర్డ్ రిజిస్టరు, కవరు ఫొటో అదే రోజు తనకు చేరే ఏర్పాటు, నడుస్తున్న కేసులన్నింటికీ గడువుల పట్టిక. కమర్షియల్ కోర్టు సమన్లకు ఆ పట్టికలో పైవరస. వాటికి జవాబు 30 రోజుల్లో, కోర్టు అనుమతిస్తే 120 రోజుల దాకా వేయొచ్చు. 121వ రోజు జవాబు వేసే హక్కే ఉండదు.

మీ కంపెనీకి పూర్తికాలం జీతం బరువనిపిస్తే, ఇప్పుడున్న వకీలుతోనే రిటైనర్ ఒప్పందం, అంటే ఉద్యోగం కాకుండా నిర్ణీత ఫీజు మీద సలహా ఒప్పందం చేసుకోండి. వారానికి రెండు పూటలు ఫ్యాక్టరీకి రావాలి, 10 లక్షలు దాటే ఏ ఆర్డరైనా ఆయన చూశాకే సంతకం కావాలి అని అందులో రాయండి. రిటైనర్‌కు 49వ నియమం అడ్డు రాదు. ఆ ఇన్‌వర్డ్ రిజిస్టరు మాత్రం రేపే తెరిపించండి, దానికి లాయర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.