వాచ్‌టవర్ చంద్రుడి మీదా, కక్ష్యలోనా?

డీసీ కామిక్స్‌లోని సూపర్‌హీరోల బృందం జస్టిస్ లీగ్‌కు స్థావరమైన వాచ్‌టవర్ కామిక్స్‌లో చంద్రుడి మీద ఉంటే, కార్టూన్‌లో భూమి చుట్టూ ఎందుకు తిరుగుతోందని, మధ్యలో ఈ హాల్ ఆఫ్ జస్టిస్ అనే మరో స్థావరం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. మీరు చూసినవన్నీ సరైనవే. అవి వేర్వేరు కథాప్రపంచాలు కాబట్టి ఒకే వరుసలో పెట్టకండి.

కామిక్స్‌లో ముందు హ్యాపీ హార్బర్ అనే ఊరి దగ్గర ఒక గుహ స్థావరంగా ఉండేది. 1970లో భూమికి 22,300 మైళ్ల ఎత్తున ఉపగ్రహ స్థావరం వచ్చింది. ఉపగ్రహం భూమి మీద ఒకే చోటికి పైన నిలిచి ఉన్నట్టు కనిపించే భూస్థిర కక్ష్య ఎత్తు దాదాపు అదే, రచయితలు ఊరికే వేసిన అంకె కాదు! చంద్రుడి మీది వాచ్‌టవర్ 1997 నాటిది. 2001లో మొదలైన కార్టూన్ ఆ పేరును తీసుకుని, పాత ఉపగ్రహం ఆలోచనతో కలిపింది. మీ తికమకంతా అక్కడిదే.

హాల్ ఆఫ్ జస్టిస్ పుట్టింది టీవీలో, 1973 నాటి సూపర్ ఫ్రెండ్స్ కార్టూన్‌లో. సిన్సినాటీ యూనియన్ టెర్మినల్ రైల్వే స్టేషన్ దానికి నమూనా. ఆ అర్ధగోపురం ఫొటో ఒక్కసారి చూడండి, వెంటనే గుర్తుపడతారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన స్థావరం ఇదే. కామిక్స్ దాన్ని చాలా ఆలస్యంగా, 2007లో వాషింగ్టన్‌కు తెచ్చుకున్నాయి.

యంగ్ జస్టిస్ అనే కార్టూన్ సిరీస్‌లో మూడూ ఉన్నాయి: కుర్రాళ్లకు గుహ, జనం చూడటానికి హాల్, అసలు స్థావరంగా కక్ష్యలోని వాచ్‌టవర్. ముందు అది చూడండి. డీసీ యూనివర్స్ ఆన్‌లైన్ ఆటలో హీరోలు కలుసుకునే చోటు కూడా వాచ్‌టవరే.