ఊళ్ళో పేరు, సిటీలో గుడి: పాఠకుల ప్రశ్నలకి అక్క జవాబులు

ప్రశ్న: అక్కా, స్తోత్రం. మాది గుంటూరు జిల్లా, ఫిరంగిపురం పక్కన పల్లెటూరు. పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చేశాం, నాలుగేళ్ళు అవుతుంది. ప్రతి ఆదివారం ఇక్కడి చర్చిలో తెలుగు పూజకి వెళ్తాం గానీ, పూజ అవ్వగానే అందరూ బండ్లు తీసుకుని వెళ్ళిపోతారు, మమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరు లేరు. మా ఆయనేమో మన గుడి ఊళ్ళో ఉంది కదా, పండక్కి వెళ్తున్నాం కదా, చాల్లే అంటారు. ఇప్పుడు పాపకి జ్ఞానస్నానం ఇప్పించాలి. ఇక్కడా, ఊళ్ళోనా? ఇక్కడైతే ఊరి ఫాదర్ గారి దగ్గర్నుంచి ట్రాన్స్‌ఫర్ లెటర్ లాంటిది ఏమైనా తేవాలా?
(ఒక చెల్లి, కూకట్‌పల్లి)

జవాబు: చెల్లీ, ముందు మీ ఆయనకి ఇది చెప్పు. మీరు ఉంటున్న ఏరియా ఏ విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే ప్రాంతం, అంటే పారిష్) కిందకి వస్తుందో, అక్కడే ఉండిపోవాలని వచ్చిన రోజు నుంచీ మీరు ఆ విచారణ వాళ్ళే. 1983 నాటి శ్రీసభ (అంటే మన కాథలిక్ సంఘం) చట్టంలోనే ఉంది, అలాంటి ఉద్దేశం ఏదీ లేకపోయినా ఐదేళ్ళు నివాసం ఉంటే చాలు, ఆఖరికి మూణ్ణెల్లు ఉన్నా కూడా అక్కడి విచారణ గురువు మీకు సొంత గురువే అవుతారు. కాబట్టి మిమ్మల్ని ఎవరూ బయటివాళ్ళు అనలేరు. అయితే మీరు వచ్చిన సంగతి ఫాదర్ గారికి ఎలా తెలుస్తుంది, వందలమంది వచ్చే గుడిలో మీ ముఖం చూసి ఆయన ఏం కనిపెడతారు చెప్పు, మనమే వెళ్ళి చెప్పుకోవాలి. చాలా గుళ్ళల్లో ఫ్యామిలీ కార్డు రాస్తారు, ఆఫీసులో అడుగు. ఆదివారం హడావుడిలో కాకుండా మామూలు రోజు సాయంత్రం పూజ అయ్యాక పాపని ఎత్తుకుని వెళ్ళండి.

జ్ఞానస్నానం మామూలుగా తల్లిదండ్రుల విచారణలోనే ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఊళ్ళో ఇప్పించుకోవచ్చు, అమ్మమ్మకి ప్రయాణం కుదరదనుకో, అప్పుడు ఇక్కడి ఫాదర్ గారికి ఒకమాట చెప్పి వెళ్తే సరి, లెటర్ ఏమైనా కావాలంటే ఆయనే రాసిస్తారు. కానీ ఒక సంగతి ఆలోచించుకో. జ్ఞానస్నానం ఏ గుడిలో ఇస్తే పాప పేరు ఆ గుడి పుస్తకంలోనే ఎక్కుతుంది, జీవితాంతం అక్కడే ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ అనేది దానికి లేదు. నువ్వెప్పుడైనా ఆ పుస్తకం చూశావా? నా పెళ్ళప్పుడు సర్టిఫికెట్ కోసం మా ఊరెళ్తే ఫాదర్ గారు బీరువాలోంచి తీశారు, ఒళ్ళో పెట్టుకుంటే మోకాళ్ళు దాటేంత పెద్ద పుస్తకం, అంచులు గోధుమ రంగుకి తిరిగిపోయాయి. నా పేరు, అమ్మానాన్నల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, అన్నీ ఇంకు పెన్ను రాతలో ఉన్నాయి. పక్కన ఖాళీలో నా భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) తేదీ ఉంది. పెళ్ళయ్యాక ఆ వివరం కూడా ఇక్కడికే వస్తుందమ్మా, ఆ పక్కనే రాస్తాం అని వేలు పెట్టి చూపించారు. అందుకే పెళ్ళికి పాత సర్టిఫికెట్ జిరాక్స్ ఇస్తే కుదరదు, ఆ పుస్తకం చూసి కొత్తగా రాసిచ్చిందే కావాలంటారు. రేపు మీ పాప పెళ్ళికి కూడా అంతే, అప్పుడు ఎక్కడికి పరిగెత్తాలో ఇప్పుడే ఆలోచించుకోండి. నన్నడిగితే ఇక్కడే ఇప్పించమంటాను, పాప పెరిగేది ఈ గుడిలోనే కదా, సత్యోపదేశం (కాటకిజం) క్లాసులకి వెళ్ళేదీ ఇక్కడికే.

జ్ఞాన తల్లిదండ్రులుగా ఊరి నుంచి అన్నావదినల్ని పిలిపించుకోండి, తప్పేం లేదు. వాళ్ళకి 16 ఏళ్ళు నిండి ఉండాలి, భద్రమైన అభ్యంగనం అయి ఉండాలి, సొంత అమ్మానాన్నలు పనికిరారు.

ఇక ఎవరూ తెలీదు అన్నావు చూడు, ఆ మాట చదివి నాకు బాధేసింది. మాది కూడా వలస వచ్చిన కుటుంబమే. మొదటి ఏడాదంతా వెనక బెంచీలో కూర్చుని వచ్చేసేవాళ్ళం. అక్టోబరులో జపమాల మాసం కదా, రోజుకో ఇంటికి మరియమాత స్వరూపం తీసుకెళ్తుంటే మా ఇంటికి కూడా తీసుకురండి అని అడిగాను, భయపడుతూనే అడిగాను. అద్దె ఇల్లు, రెండే గదులు, వచ్చినవాళ్ళకి కూర్చోవడానికి చాప తప్ప ఏమీ లేదు, పదిమంది వస్తారనుకుంటే పాతికమంది వచ్చారు, మెట్ల మీద కూడా కూర్చుని జపమాల చెప్పారు. బెల్లం కలిపిన శనగపప్పు పెట్టాను. మరుసటి ఆదివారం గుడి గుమ్మం దగ్గర నలుగురు ఆగి పలకరించారు. మీ వీధి ఎస్‌సిసి (ఇరుగుపొరుగు కాథలిక్ కుటుంబాల చిన్న క్రైస్తవ సమాజం) మీటింగ్ ఏ ఇంట్లో జరుగుతుందో కనుక్కుని ఒక్కసారి వెళ్ళు చెల్లీ.

ప్రశ్న: మా నాయనమ్మకి 82 ఏళ్ళు, మంచం మీద ఉంది. ఫాదర్ గారిని పిలిచి అభ్యంగనం (జబ్బు మనుషులకి ప్రార్థన చేసి తైలం రాయడం) ఇప్పిద్దామంటే ఇంట్లో పెద్దవాళ్ళు అప్పుడే ఎందుకురా, స్వామి వచ్చారంటే ఇక అయిపోయిందనుకుని హడలిపోద్ది అంటున్నారు. టీవీలో పూజ పెడుతున్నాం, అది చాలదా?
(ఒక తమ్ముడు, ఏలూరు)

జవాబు: తమ్ముడూ, ఆ భయం ఎక్కడిదంటే, పాతరోజుల్లో దాన్ని అవస్థ అభ్యంగనం అనేవాళ్ళు, ఆఖరి ఊపిరి ముందు ఇచ్చేదని జనం మనసులో పడిపోయింది. ప్రపంచంలోని కాథలిక్ బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1963లోనే దాన్ని సరిచేసింది, ఇది వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, జబ్బు వల్ల గానీ ముసలితనం వల్ల గానీ ప్రమాదం మొదలైనప్పుడే తీసుకోవచ్చు అని. కోలుకుని మళ్ళీ జబ్బు చేస్తే మళ్ళీ తీసుకోవచ్చు, అదే జబ్బు ఇంకా ముదిరినా తీసుకోవచ్చు. స్పృహ ఉండగా, ఆమెన్ అని తను పలకగలిగినప్పుడు ఇప్పిస్తే ఆ ఓదార్పు తనకి తెలుస్తుంది కదరా.

మా అమ్మకి ఇప్పించినప్పుడు నేనూ వణికాను. ఫాదర్ గారు నుదుటి మీద, రెండు అరచేతుల్లో తైలం రాశారు. అమ్మ చేతులు అలాగే తెరిచి పెట్టుకుని కూర్చుంది, తుడిచేస్తానంటే వద్దంది. ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. అందరికీ అలాగే జరుగుద్దని నేను చెప్పడం లేదు, కానీ అమ్మ ముఖంలో ఆ రోజు భయం లేదు, అది నా కళ్ళతో చూశాను.

టీవీ పూజ మంచిదే, మంచం పట్టినవాళ్ళకి గుడికి రాలేదన్న పాపం ఎటూ లేదు. కానీ టీవీ దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం, కమ్యూనియన్) ఇవ్వలేదు. ఫాదర్ గారికి చెప్తే ఆయన గానీ, ఆయన నియమించినవాళ్ళు గానీ చిన్న డబ్బీలో ఇంటికే తెస్తారు. మంచం పక్కన స్టూలు మీద తెల్ల గుడ్డ, సిలువ, కొవ్వొత్తి, గ్లాసుడు నీళ్ళు పెట్టండి, టీవీ ఆపేయండి. సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం నియమం పెద్దవాళ్ళకి, జబ్బు మనుషులకి లేదు, వాళ్ళని చూసుకునేవాళ్ళకీ లేదు, మందులు ఆపొద్దు. మన గుణదల మాత పండగ రోజైన ఫిబ్రవరి 11ని ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా జరుపుకోవాలని 1992లో రెండో జాన్ పాల్ పోప్ గారు ప్రకటించారు, ఆ రోజు చాలా గుళ్ళల్లో పూజలోనే అభ్యంగనం ఇస్తారు. నాయనమ్మకి ఆ మాట చెప్పు, అంతమంది తీసుకుంటారంటే తనకి ధైర్యం వస్తుంది. కానీ అప్పటిదాకా ఆగొద్దు, ఈ వారమే ఫాదర్ గారిని పిలవండి.

ప్రశ్న: మా ఆయన సంవత్సరీకానికి పూజ చెప్పించాలి, చేతిలో డబ్బుల్లేవు. అడగాలంటే సిగ్గుగా ఉంది.
(పేరు వద్దన్న ఒక అమ్మ)

జవాబు: అమ్మా, సిగ్గుపడకండి. ఇచ్చేది కానుక, పూజకి వెల కాదు. ఏమీ ఇవ్వలేని పేదవాళ్ళ కోసం కూడా పూజ చెప్పమని శ్రీసభ చట్టమే గురువులకి చెప్తోంది. ఆయన పేరు, తేదీ ఒక చీటీ మీద రాసి ఫాదర్ గారి చేతికి ఇవ్వండి, డబ్బుల్లేవు ఫాదర్ అని ఒక్కమాట అనండి చాలు.