ఆయనకు ఎగరడం ఇష్టమా, నేర్పడం ఇష్టమా?

ప్రశ్న: మావారికి 41 ఏళ్లు. 16 ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. నాలుగేళ్ల కిందట సరదాకి విమానం నడపడం నేర్చుకుని ప్రైవేటు పైలట్ లైసెన్సు తెచ్చుకున్నారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ అవుతానంటున్నారు. నాకూ ఉద్యోగం ఉంది కానీ ఇద్దరు చదువుకునే పిల్లలు, ఇంకా తీరని ఇంటి లోన్. డబ్బు మాట ఎత్తితే చాలు, గొడవే. నిజం చెప్పాలంటే నా భయం డబ్బు గురించి కాదు. రోజూ చిన్న విమానంలో, అదీ ఇంకా నడపడం రాని వాళ్ల చేతికిచ్చి పక్కన కూర్చోవడం అంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఆ మాట ఆయనతో అనలేకపోతున్నాను. అత్తగారేమో 'నువ్వే గట్టిగా చెప్పి మాన్పించు' అంటున్నారు. నెల రోజులుగా ఆయన ముభావంగా ఉంటున్నారు. మాన్పించాలా, ఒప్పుకోవాలా?

జవాబు: అమ్మా, మీరు నాకు రాసినదాంట్లో అసలైన మాట మీవారు ఇంతవరకూ వినలేదు. ఆయన చెవిన పడుతున్నవి లోన్, ఫీజులు, జీతం. వాటికి ఆయన ఒక లెక్క చెబుతారు, మీరు ఇంకో లెక్క చెబుతారు, అక్కడితో ఇద్దరికీ కోపం వస్తుంది. తన ఇష్టాన్ని మీరు డబ్బుతో కొలుస్తున్నారని ఆయన అనుకుంటూ ఉండొచ్చు. ఆ ముభావం అందుకే కావచ్చు. మాన్పించడం, ఒప్పుకోవడం తర్వాత. పిల్లలు పడుకున్నాక ఒకరోజు, వాదన ఏమీ లేని సమయం చూసి, 'మీకేమైనా అవుతుందని నాకు భయంగా ఉంది' అని చెప్పండి. ఆ మాట దగ్గరే ఆగండి. దాని వెనకాలే లోన్ సంగతి తేకండి.

మీ భయం పిచ్చిది కాదు. శిక్షణకు వాడే చిన్న విమానాలకు, మనం టికెట్ కొనుక్కుని ఎక్కే పెద్ద విమానాలకున్నంత భద్రత ఉండదు. 'ఏం కాదులే' అని ఎవరైనా అంటే మీరు ఊరుకోనక్కర్లేదు. కానీ 'రాని వాళ్ల చేతికివ్వడం' అన్నచోట మీరు ఊహించుకుంటున్నది ఒకటి, జరిగేది ఇంకొకటి. డ్రైవింగ్ నేర్పే కారులో పక్క సీటు దగ్గర కూడా బ్రేక్ ఉన్నట్టు, శిక్షణ విమానంలో ఇద్దరి ముందూ కంట్రోల్స్ ఉంటాయి. 'ఐ హావ్ కంట్రోల్' అని ఇన్‌స్ట్రక్టర్ అనగానే విద్యార్థి వదిలేసి, 'యూ హావ్ కంట్రోల్' అని పైకి చెప్పాలి. విమానం ఎవరి చేతిలో ఉందన్న అనుమానం ఒక్క క్షణం కూడా రాకూడదని ఈ పద్ధతి. 1917లో ఇంగ్లండ్‌లోని గోస్‌పోర్ట్‌లో రాబర్ట్ స్మిత్-బారీ అనే సైనికాధికారి విమాన శిక్షణను మార్చేశాడు. ప్రమాదకరమైన స్థితుల నుంచి విద్యార్థిని దూరంగా ఉంచడం కాదు, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగానే వాటిలోకి తీసుకెళ్లి బయటపడడం నేర్పాలన్నది ఆయన పద్ధతి. ఇప్పటి శిక్షణకు పునాది అదే. విద్యార్థిని ఎంతవరకు తప్పు చేయనివ్వాలి, ఏ క్షణంలో తను అందుకోవాలి అన్నదే ఇన్‌స్ట్రక్టర్ కోర్సులో నేర్చుకునే ముఖ్యమైన విద్య.

నన్నడిగితే, అసలు ప్రమాదం విద్యార్థి చేతుల్లో కంటే నేల మీద తీసుకునే నిర్ణయంలో ఎక్కువ ఉంటుంది. చాలా ఫ్లయింగ్ స్కూళ్లలో ఇన్‌స్ట్రక్టర్‌కు ఎగిరిన గంటలను బట్టే డబ్బు వస్తుంది. పాఠానికి ముందు, తర్వాత విద్యార్థితో కూర్చుని మాట్లాడే సమయానికి కొన్నిచోట్ల ఏమీ ఇవ్వరు. మబ్బులు కిందికి దిగి ఉన్నాయి, గాలి అడ్డంగా కొడుతోంది, విద్యార్థి ఎదురుచూస్తున్నాడు, ఎగరకపోతే ఆ రోజు సంపాదన లేదు. ఇంట్లో వాయిదా కట్టాల్సిన తేదీ దగ్గరపడింది. అప్పుడు 'ఈ రోజు వద్దు' అనగలగాలి. అది అనగలిగే స్థితిలో మీ ఇల్లు ఉండాలి. అందుకే డబ్బు వేరు, భయం వేరు అని మీరు అనుకోవద్దు. ఆయన ఎగిరే గంటల మీద ఇంటి ఖర్చు ఆధారపడకుండా చూసుకోవడం ఆయన ప్రాణానికి మీరిద్దరూ కలిసి చేయగల రక్షణ. ఇలా చెబితే ఆయన వింటారని నా నమ్మకం. ఎందుకంటే అప్పుడు మీరు ఆయన కలకు అడ్డం పడినట్టు ఉండదు.

కాబట్టి లెక్క ఆ కోణంలో వేయండి. మీ ఒక్కరి జీతంతో లోన్, ఇల్లు, పిల్లల చదువు నడుస్తాయా? నడవకపోతే ఏడాదికి ఎంత తక్కువ పడుతుంది? ఆ తక్కువ పడేదానికి, శిక్షణ ఖర్చుకు వేర్వేరుగా డబ్బు పక్కన పెట్టేవరకు రాజీనామా ఊసు వద్దు. ఇల్లు మళ్లీ తాకట్టు పెట్టడానికి మాత్రం ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

ఇక మీవారు తనను తాను అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. ఆయనకు ఇష్టమైంది ఎగరడమా, నేర్పడమా? రెండూ ఒకటేనని చాలామంది పొరబడతారు. సరదాకి ఎగిరేటప్పుడు కంట్రోల్స్ తన చేతిలో ఉంటాయి. ఇన్‌స్ట్రక్టర్ అయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుని, తను అలవోకగా చేసే ల్యాండింగ్‌ను ఇంకొకరు రోజంతా తడబడుతూ చేస్తుంటే చూస్తూ కూర్చోవాలి. పదేపదే అదే రన్‌వే చుట్టూ, అదే పాఠం. ఎండకు కాలిపోయే ఇరుకు కాక్‌పిట్, చెవుల్లో ఇంజిన్ మోత. అందులో ఎవరో ఒకరికి మొదటిసారి సరిగ్గా కుదిరినప్పుడు ఆ ఆనందం తనదిగా అనిపించేవాళ్లకే ఈ పని సరిపోతుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేటప్పుడు ఆయన ఎలా ఉంటారు? పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు ఓపిక ఉంటుందా, పెన్సిల్ లాక్కుని తనే చేసేస్తారా? ఇది మీకు బాగా తెలుసు. మీ జవాబు కూడా ఆయనకు చెప్పండి, మంచైనా చెడైనా. ఎగరడమే ఇష్టమైతే ఉద్యోగం మానకుండానే శని, ఆదివారాలు ఎగరొచ్చు. దాంట్లో చిన్నతనమేమీ లేదు.

నేర్పడమే అని తేలితే, రూపాయి ఖర్చు పెట్టేముందు మెడికల్ చేయించుకోవాలి. ప్రైవేటు లైసెన్సుకు పాసైన పరీక్ష ఇక్కడ చాలదు. ఈ పనికి కావాల్సింది కమర్షియల్ లైసెన్సు, అంటే డబ్బు తీసుకుని విమానం నడపడానికి ఇచ్చేది; దానికి క్లాస్ 1 మెడికల్ అనే ఇంకా కఠినమైన పరీక్ష పాసవ్వాలి. అందులో చూపు, రంగులు గుర్తించడం, వినికిడి, ఈసీజీ అన్నీ చూస్తారు. ఉద్యోగం వదిలి, ఫీజు కట్టేశాక మెడికల్‌లో ఆగిపోతే ఆ దెబ్బ నుంచి తేరుకోవడం కష్టం. ఆ ఫలితం వచ్చేవరకు మీ ఇంట్లో ఈ విషయం మీద ఏ నిర్ణయమూ అక్కర్లేదు. అదొక్కటి ఒప్పుకున్నా మీ టెన్షన్ కొంత తగ్గుతుంది.

ఆ తర్వాత గంటలు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగిరి ఉండాలి, ఆమోదం పొందిన కోర్సులో అయితే 150. ఇన్‌స్ట్రక్టర్‌కూ ఆ అనుభవం కావాలి, దానిపైన నేర్పే పద్ధతుల్లో శిక్షణ. ఒక్కో దేశం తన నియమాలు కలుపుతుంది, అవి చూసుకోవాలి. ఈ గంటల్లో చాలా భాగం ఉద్యోగంలో ఉంటూనే పూర్తి చేయొచ్చు. రెండేళ్లు పడితే పడనివ్వండి. స్కూలు ఫీజు మొత్తం ఒకేసారి ముందే కట్టవద్దు, తగ్గింపు ఇస్తామన్నా సరే. స్కూలు మూతపడితే ఆ డబ్బు వెనక్కి రావడం గగనం. జీవిత బీమా పాలసీ కూడా ఒకసారి తీసి చూడండి. విమానం నడపడం గురించి బీమా సంస్థకు చెప్పారా, పాలసీలో మినహాయింపు ఉందా అన్నది ఇప్పటికే తెలిసి ఉండాల్సిన విషయం.

వయసు మించిపోయిందేమో అని మీరు అనుకుంటుంటే, అది వదిలేయండి. 65 ఏళ్ల అంతర్జాతీయ పరిమితి ప్రయాణికులను, సరకును చేరవేసే విమానాల పైలట్లకు. నేర్పడానికి దాన్ని పెట్టలేదు. పైగా ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లలో చాలామంది ఎయిర్‌లైన్‌కు కావాల్సిన గంటలు పోగేసుకుని వెళ్లిపోతారు. జీతాలు పెద్దగా పెరగకపోవడానికి అదీ ఒక కారణం. అదే సమయంలో, నిలకడగా ఉండే మనిషి దొరికితే మంచి స్కూలు వదులుకోదు. చేరేముందు అక్కడ పనిచేసే ఇన్‌స్ట్రక్టర్‌ను మీరిద్దరూ కలిసి ఒక్కటి అడగండి: 'వాతావరణం బాగోలేదని మీరు పాఠం రద్దు చేస్తే ఇక్కడివాళ్లు ఏమంటారు?' ఆ జవాబులో నీళ్లు నమిలితే ఆ స్కూలు వద్దు.

అత్తగారి సంగతి. ఆవిడకూ మీకున్న భయమే, కొడుకు గురించి. కానీ ఆవిడ తరఫున మీరు పోట్లాడితే ఆయనకు మీరిద్దరూ ఒక పక్షంగా కనిపిస్తారు. 'మీ అబ్బాయితో మీరే మాట్లాడండి అత్తయ్యా, నేను కూడా మాట్లాడుతున్నాను' అని మెల్లగా చెప్పండి. ఆయన్ను కూడా అమ్మ దగ్గర కూర్చుని, మెడికల్ ఫలితం వచ్చేదాకా ఉద్యోగం మాననని స్వయంగా చెప్పమనండి. ఆ మాట మీ నోటి నుంచి కాకుండా ఆయన నోటి నుంచే ఆవిడ వినాలి.